ముందుకాలం బండి

నంద్యాలలో లక్ష్మీనారాయణ గారి బియ్యం మిల్లులో దేవదానం పాతికేళ్లుగా వడ్రంగి. జల్లెడ చిరిగినా, బెల్టు పక్కకు జారినా, వడ్లు మోసే ట్రాలీ చక్రం మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్లు. మాట తక్కువ మనిషి. ఏ పని చెప్పినా సరే అనడు, కాదనడు. చెవి మీది పెన్సిలు తీసి చేతికందిన చెక్కముక్క మీద రెండు గీతలు గీస్తాడు. గీతలు పడ్డాయంటే పని అయినట్టే అని మిల్లులో అందరికీ తెలుసు.

1957 డిసెంబరులో ఒకరోజు లక్ష్మీనారాయణ గారు ఆయన్ని ఆఫీసు గది దగ్గరికి పిలిపించాడు. దేవదానం ఎప్పటిలాగే మెట్టు దగ్గర నిలబడ్డాడు. లోపల్నుంచి లక్ష్మీనారాయణ గారు ఒక ఇంగ్లీషు పత్రిక తెరిచి చూపించాడు.

"ఇది చూడప్పా. అమెరికాలో ఎవురో పెద్ద తోట ఏసి, రాబోయే కాలం ఎట్లుంటాదో జనాన్ని బండ్లలో కూచోబెట్టి తిప్పి చూపిస్తాండారంట. వచ్చే నెల మన రైతు ఎగ్జిబిషన్లో మనం గూడా అట్లాంటిదొకటి పెట్టాల. ప్రతి ఏడూ అవే విత్తనాలు, అవే ఎరువు మూటలు. జనం ఒకసారి చూసి జిలేబీ అంగడి కాడికి పోతాండారు."

దేవదానం బొమ్మను చాలాసేపు చూశాడు. "రాబోయే కాలమంటే ఎప్పుడు సామీ?"

"పంతొమ్మిదొందల ఎనభై అనుకో."

"ఎనభైలో ఎట్లుంటాది?"

లక్ష్మీనారాయణ గారు పత్రిక మూసేశాడు. "నాకేం తెల్సు? నువ్వే ఆలోచన చేయి. కావలసిన కొయ్య, రేకు, గుడ్డ నేనిస్తా. మిల్లులో పాత ట్రాలీ ఉండాది గదా, పట్టాలు గూడా ఉండాయి."

దేవదానం చెవి మీది పెన్సిలు తీశాడు గానీ ఆ రోజు గీత పడలేదు.

ఎనభైలో ఏముంటుందో తెలియని మనిషి ఎనభైని ఎట్లా కడతాడు? ఆయన అడగడం మొదలుపెట్టాడు. మిల్లుకు వడ్లు తెచ్చిన రైతును అడిగితే, కాలవ చివర చేనుకు కూడా నీళ్లు పారతాయన్నాడు. మూటలు మోసే హమాలీని అడిగితే, మూట తన వీపు మీద కాకుండా దానంతటదే నడిచి పోతుందని నవ్వాడు. రేకు పెట్టెలు చేసే నబీ రసూల్‌ను అడిగాడు. నబీ రసూల్ దేవదానానికి పాత స్నేహితుడు. దేవదానం ఎంత మాట్లాడడో అతను అంత మాట్లాడతాడు.

"రష్యావోళ్లు మొన్న ఆకాశంలోకి గుండు ఇసిరినారు గదన్నా! ఎనభైకి మనం నంద్యాల టేషన్లో ఎక్కి చందమామ మీద దిగుతాం. చందమామను నేను చేస్తా, రేకుతో. నీకెందుకు, చూస్తాండు."

ఇంటికొచ్చి చివరికి భార్య లూదియాను అడిగాడు. లూదియా మిషను ఆస్పత్రిలో రోగులకు వంట చేసేది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెద్ద పొయ్యిల ముందే. కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లూరుతూ ఉండేవి. ఆమె ఆలోచించలేదు కూడా.

"నా మటుకు నాకు పొగ లేకుంటే సాలు."

"అంతేనా?"

"అంతే. చందమామ రసూలన్ననే పొమ్మను."

అప్పుడు పడ్డాయి గీతలు.

ఎగ్జిబిషన్ మైదానంలో రెండు అంగళ్ల నడుమ ఇరుకు జాగా ఇచ్చారు. గుర్రపు లాడం ఆకారంలో తడకలతో షెడ్డు వేసి, లోపల నల్లగుడ్డ కట్టి చీకటి చేశాడు దేవదానం. జాగా చాలక మలుపు బాగా బిగువైంది. పట్టాలను కమ్మరి కొలిమిలో కాల్చి వంచారు. ట్రాలీ మీద నాలుగు బల్లలు బిగించాడు, బల్లకు ఇద్దరు. వెనక నల్లగుడ్డ చాటున ఇద్దరు మనుషులు తోస్తారు. దారి పొడవునా నాలుగు అరలు. మొదటి అరలో కాలవ చివరి చేను, గొట్టంలోంచి నిజంగానే నీళ్లు పారతాయి. రెండో అరలో మూటలు వాటంతటవే వాలు చెక్క మీద జారుకుంటూ పోతాయి. మలుపు దగ్గర రేకు చందమామ, వెనక దీపం. చివరి అర వంటిల్లు.

వంటింటికే ఎక్కువ రోజులు పట్టింది. మిగతావన్నీ బొమ్మలే, ఇది మాత్రం నిజమైన పొయ్యి కావాలని పట్టుబట్టాడు దేవదానం. మట్టితో పొయ్యి కట్టి, వెనక సందు వదిలి, నబీ రసూల్ చేసిన రేకు గొట్టాన్ని షెడ్డు కప్పు మీదుగా పైకి లేపాడు. మొదటిసారి పొగ గొట్టంలోకి పోలేదు, అరలోకే వచ్చింది. లూదియా దగ్గుతూ బయటికొచ్చి, "ఎనభైలో గూడా ఇట్లనే ఉంటాదా?" అంది. సందు పెంచాడు, గొట్టం ఇంకో మూర పొడుగు చేశాడు. నాలుగోసారికి మంట గుయ్యిమని పొగను గొట్టంలోకి లాగింది. లూదియా పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు కళ్లు తుడుచుకోకుండా ఉంది. ఆస్పత్రిలో పది రోజులు సెలవు పెట్టి, ఎగ్జిబిషన్ నడిచినన్నాళ్లూ ఆ అరలో తానే రొట్టెలు కాలుస్తానని చెప్పింది.

అంతా సిద్ధమయ్యాక మిల్లు మనుషుల్ని ఎక్కించి తోసి చూశారు. లావుపాటి హమాలీలిద్దరు మలుపుకు బయటివైపు కూర్చున్నారు. మలుపు తిరగ్గానే ట్రాలీ పక్కకు లేచి, ఎనిమిది మందినీ తీసుకెళ్లి చందమామ మీద కుమ్మరించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, చందమామే సొట్టపోయింది. నబీ రసూల్ లబోదిబోమన్నాడు.

దేవదానం ఒక పూటంతా ట్రాలీ ముందు గొంతుక్కూర్చున్నాడు. మలుపు పెద్దది చేద్దామంటే జాగా లేదు. సాయంత్రానికి మిల్లు కాటా తెప్పించి షెడ్డు వాకిట్లో పెట్టించాడు. వడ్ల మూటలు తూచే కాటా. ఎక్కేవాళ్లను ముందు తూచాలి. బరువైన నలుగురూ మలుపుకు లోపలివైపు, తేలికైన నలుగురూ బయటివైపు. అట్లా కూర్చోబెట్టి పది సార్లు తోశారు. ట్రాలీ ఒక్కసారి కూడా లేవలేదు.

1958 జనవరిలో నంద్యాల జనం ముందుకాలం బండి కోసం విరగబడ్డారు. ఆడవాళ్లకొక తిరుగు, మగవాళ్లకొక తిరుగు. "మమ్మల్ని గూడా మూటల మాదిరి తూకం ఏస్తాండారే!" అని నవ్వుకుంటూ కాటా ఎక్కేవాళ్లు. ఎవరు ఎన్ని మణుగులు తూగారో నబీ రసూల్ గట్టిగా కేకేసేవాడు. చందమామ దగ్గర ఈలలు వేసేవాళ్లు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లు బండి ఆపమని అరిచేవాళ్లు.

మూడో రోజో నాలుగో రోజో, తోసేవాళ్లలో ఒకరికి జ్వరమొస్తే దేవదానమే నల్లగుడ్డ వెనక నిలబడి ట్రాలీ తోశాడు. చేను అర వెలుతురులో ముందున్న ఎనిమిది తలల వెనుక భాగాలు కనిపించాయి. ఒక పిలక, దాని పక్కన హమాలీ తలగుడ్డ. ఒక జరీ తలపాగా, దాని పక్కన నూనె లేని ఎర్రటి జుట్టు. రైలు ఆగే పెద్ద ఊరు, ఎవరెవరో వచ్చారు, పక్కనున్నది ఎవరని ఎవరూ అడగలేదు. కాటా చెప్పింది, కూర్చున్నారు. దేవదానం పాతికేళ్లుగా ఆఫీసు గడప దాటకుండా మెట్టు దగ్గర నిలబడి మాట్లాడిన మనిషి. ఆ తిరుగు అయిపోయాక ఇంకో తిరుగు కూడా తానే తోస్తానన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయనే తోశాడు.

మరుసటి ఏడు ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్లకు పోయే జనం ఆళ్లగడ్డలో బస్సు మారతారు కాబట్టి, అక్కడొక ఎగ్జిబిషన్ పెట్టాలని ఆ ఊరి కమిటీ వాళ్లు అనుకున్నారు. ముందుకాలం బండి కావాలని లక్ష్మీనారాయణ గారికి కబురు పెట్టారు. లారీలో అంతా ఎక్కించుకుని దేవదానం, లూదియా, నబీ రసూల్ వెళ్లారు. ఎండలు ముదిరాయి కాబట్టి దేవదానం వంటింటి అరకు వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లించే ఏర్పాటు చేశాడు. ఎనభైలో ఇళ్లు చల్లగా కూడా ఉంటాయన్నమాట.

ఆళ్లగడ్డలో ఊరి బయట బయలు జాగా ఇచ్చారు. నంద్యాలలో లాగా ఇరుకు లేదు. పట్టాలు పరుస్తుంటే లూదియా వచ్చి నిలబడింది.

"ఇంత జాగా ఉండాదే, మలుపు అంత బిగువు ఎందుకు?"

"వంచిన పట్టాలు గదా."

"వంచినవి సాపు చేయొచ్చు. ఈ ఊర్లో కమ్మరోళ్లు ల్యారా?"

దేవదానం పట్టా కింద చెక్క సర్ది, సుత్తితో ఇంకో దెబ్బ వేశాడు. లూదియా కాసేపు చూసి, మళ్లీ అడగకుండా పొయ్యి మట్టి కలపడానికి వెళ్లిపోయింది.

ఆళ్లగడ్డ చిన్న ఊరు. అక్కడ అందరూ అందరికీ తెలుసు. రెండో రోజు సాయంత్రం ఆడవాళ్ల తిరుగులో కమలాక్షమ్మ వచ్చింది. పక్క పల్లెలో తరతరాలుగా భూములున్న నరసింహులు గారి భార్య ఆమె. యాభై దాటిన మనిషి, భారీ మనిషి. కాటా మీద ఆమెకు లోపలివైపు పడింది. ఆమె పక్కన బయటివైపు కూర్చోవాల్సిన తేలిక మనిషి రాహేలు అయింది. కమలాక్షమ్మ చేలోనే కలుపు తీసే మనిషి. మాలపల్లె.

రాహేలు బల్ల పక్కన నిలబడిపోయింది. నబీ రసూల్ తొందరపెట్టాడు. "కూచో అక్కా, బండి కదలాల." ఆమె బల్ల అంచు మీద, సగం గాలిలో కూర్చుంది. బండి చీకట్లోకి పోయింది. మలుపు దగ్గర ఎప్పుడూ ఒక కుదుపు ఉంటుంది. ఆ కుదుపుకు కమలాక్షమ్మ భయపడి చేతికందిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంటింటి అర వచ్చేదాకా వదల్లేదు. అక్కడ దీపం వెలుగులో చూసుకుని వదిలేసింది.  కానీ వాళ్లిద్దరూ ఒకే బల్ల మీది నుంచి దిగడాన్ని బయట యాభై మంది చూశారు.

మరుసటి రోజు పొద్దున్నే నరసింహులు గారు కమిటీ పెద్దలు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కోపంగా లేడు. నెమ్మదిగానే మాట్లాడాడు.

"దేవదానం, పని బాగా చేసినావు. కాదనను. అయితే ఊరికొక పద్ధతి ఉంటాది గదా. ఇంగో ట్రాలీ పెట్టు, ల్యాకుంటే వాళ్ల తిరుగు వాళ్లకు, మా తిరుగు మాకు పెట్టు."

"ట్రాలీ ఒకటే సామీ. తిరుగు ఎవురిదైనా బరువు చూసే కూచోబెట్టాల. ఒక్క వీధి మనుషుల్నే ఏరి ఎక్కిస్తే బరువు కుదరదు, ఎనిమిది మంది జత పడేదాకా బండి నిలబడిపోతాది."

"బరువు బరువంటావు. బరువు చూడకుండా కూచోబెడితే ఏమైతాది?"

దేవదానం ఇసుక నింపిన సంచులు ఎనిమిది తెప్పించాడు. బరువైన నాలుగూ బయటివైపు పెట్టి తోయించాడు. మలుపు దగ్గర ట్రాలీ ఒక పక్కకు లేచి, ఒక్క క్షణం నిలబడి, దబ్బున పడింది. ఇసుక చందమామ మీద చిందింది. కమిటీ పెద్దలు వెనక్కి జరిగారు.

నరసింహులు గారు తెలివైన మనిషి. పడిన ట్రాలీని కాదు, పట్టాల్ని చూశాడు. "ఈ మలుపు కొంచెం పెద్దది చేస్తే పడదు గదా?"

నబీ రసూల్ గబుక్కున తల తిప్పి దేవదానాన్ని చూశాడు.

"పడదు సామీ," అన్నాడు దేవదానం. "పట్టాలు కాల్చి సాపు చేసి మళ్లీ వంచాల. వారం పడతాది. అంతలో తిరునాళ్ల అయిపోతాది."

నిజానికది మూడు రోజుల పని. ఆయన జీవితంలో పనికి లెక్క తప్పు చెప్పడం అదే మొదటిసారి.  నరసింహులు గారు తమ వాళ్లెవరూ ఎక్కరని చెప్పి వెళ్లిపోయాడు.

రొట్టెల పిండి కలుపుతున్న లూదియాతో దేవదానం జరిగింది చెప్పాడు. "మూడు రోజుల పనికి వారమని చెప్పినా."

ఆమె చేతులు ఆగలేదు. "అంటే అబద్ధం నాలుగు రోజులే. ఆ నాలుగూ దేవుడు చూసుకుంటాడులే. పో, గొట్టంలో మసి పట్టింది, దులుపు."

రెండు రోజులు బండి సగం ఖాళీగా తిరిగింది. అహోబిలం పోయే యాత్రికులు ఎక్కారు, పేటలో సాయిబులు ఎక్కారు, పల్లెల్లో కూలి జనం ఎక్కారు. భూములున్న ఇళ్లవాళ్లు దూరం నుంచి చూసి పోయారు. దేవదానానికి దిగులుగా ఉంది గానీ మలుపు జోలికి పోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఎండ మండుతుంటే, కమలాక్షమ్మ కోడళ్లిద్దర్ని తీసుకుని వచ్చింది. నేరుగా కాటా ఎక్కింది.

నబీ రసూల్ ఆమె బరువెంతో కేకేయడానికి భయపడి మెల్లిగా చెప్పాడు. "ఆరు మణుగుల పైన అమ్మా."

"తెల్సులే. యాడ కూచోవాల?"

"లోపలివైపు. పక్కన..." అతను వరుసలో చూశాడు. పక్కన పడేది గాజులమ్ముకునే ముసలామె. ఎవరో, ఏ ఊరో.

"ఎవురైనా కానీ. బేగా కానీప్పా, ఎండకు తల తిరుగుతాంది. నాకు ఆ పొయ్యి చూడాల."

వంటింటి అర దగ్గర ఆమె ట్రాలీని ఆపించింది. చల్లటి గాలి, కాలుతున్న జొన్నరొట్టె వాసన. పొయ్యి ముందు లూదియా. కమలాక్షమ్మ ముందుకు వంగి చూసింది.

"ఏమ్మే, పొగ యాడికి పోతాంది?"

"గొట్టంలోకమ్మా. వెనక సందుండాది. మంటే లాక్కుంటాది."

"ఉత్తదే గదా? సోకుకి పెట్టినారు గదా?"

"సూడండమ్మా." లూదియా పచ్చి పుల్ల ఒకటి పొయ్యిలో తోసింది. తెల్లటి పొగ లేచి, తలవంచుకుని వెనక సందులోకి పోయింది. కోడళ్లిద్దరూ ఒకేసారి ఓయమ్మో అన్నారు. వెనక బల్ల వాళ్లు కూడా మెడలు చాచారు. కమలాక్షమ్మ లూదియా కళ్లలోకి చూసింది.

"నీ కండ్లు గూడా నా మాదిరే ఉండాయే. ఇది కట్టినంక బాగైనాయా?"

"ఈడ బాగుంటాయమ్మా. ఆస్పత్రిలో పాత పొయ్యిలే, ఆడికి పోతే మళ్లీ మొదులు."

"మా ఇంట్లో కడతాడా, మీ ఆయన?"

తిరునాళ్ల అయిపోయి, సామాను లారీకి ఎక్కించాక, దేవదానం ఆ పల్లెకు వెళ్లాడు. లూదియా, నబీ రసూల్ వెంట వెళ్లారు. నరసింహులు గారు ముందు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వచ్చారా అన్నట్టు తలూపి మళ్లీ పత్రికలో పడ్డాడు. కమలాక్షమ్మే వాళ్లను పక్క వాకిట్లోంచి వంటింటి వైపు తీసుకెళ్లింది. గడప పక్కన నిండు బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. పసుపు కలిపిన నీళ్లు. వీళ్లు పోయాక ఇల్లు కడగడానికి. దేవదానం వాటిని చూశాడు. కమలాక్షమ్మ ఆయన చూడడాన్ని చూసింది.

"మా అత్తగారు ఇంగా ఉండాది దేవదానం. ఆమె మాట తీసేయలేను. లోపలికి రా."

ఆయన చెవి మీది పెన్సిలు మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడ్డాడు. వెనక్కి పోవచ్చు. పోతే ఎవరూ తప్పు పట్టరు. భూములున్నవాళ్ల వంటిల్లు ఎట్లుంటుందో ఆయన పుట్టి ఎరగడు. ఇప్పుడు గడప దాటితే కనిపించినవి మసిపట్టిన దూలాలు, పొగకు నల్లబడిన గోడ, మూలన మూడు రాళ్లు. తన ఇంట్లో ఉన్నట్టే ఉంది, కాకపోతే పెద్దది. పెన్సిలు తీసి గోడ మీదే రెండు గీతలు గీశాడు.

రెండు రోజులు పట్టింది. నబీ రసూల్ కప్పు తొలిచి గొట్టం ఎక్కించాడు. పొయ్యి ఆరాక, మొదటి మంట ఎవరు వేయాలన్న మాట వచ్చింది. లూదియా గడప బయట నిలబడి చెప్తుంటే కమలాక్షమ్మ వేసింది. "సన్న పుల్లలు ముందు పెట్టండమ్మా. ఊదొద్దు. ఊదితే ఇట్ల వస్తాది. ఉండండి, అదే పోతాది." మంట పట్టింది, పొగ కాసేపు అటూ ఇటూ తచ్చాడి గొట్టంలోకి పోయింది. ఇంటి ఆడవాళ్లంతా వాకిట్లోకి పరుగెత్తి కప్పు వైపు చూశారు. మంచం మీది నరసింహులు గారు కూడా పత్రిక దించి పైకి చూశాడు. మంచానపడ్డ అత్తగారు లోపల్నుంచి, "ఏందే, ఇల్లు అంటుకున్యాదా?" అని కేకేసింది.

వాళ్లు వాకిలి దాటేసరికి ఆ ఇంట్లో నీళ్లు పోస్తున్న చప్పుడు వినపడింది. నబీ రసూల్‌కు కోపమొచ్చింది. "ఇంత చేసినంక గూడా చూడన్నా!" దేవదానం చాలా దూరం నడిచాక, "సందు ఇంగో రెండు వేళ్ల మందం పెంచింటే ఇంగా బాగా లాగేది," అన్నాడు.

ఆ ఎండాకాలంలో అదే వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు కబురు పెట్టారు. తర్వాత రుద్రవరం నుంచి, సిరివెళ్ల నుంచి. కొన్ని ఇళ్లలో బిందెలు ఉండేవి, కొన్ని ఇళ్లలో ఉండేవి కావు. ఒక ఇంట్లో పని మధ్యలో ఇల్లాలు అందరితో పాటు వాళ్లకూ మజ్జిగ పోసింది. అంతకు ముందు అదే ఊర్లో పక్కింటి ఆమె గడప దగ్గరే కూలి విసిరి వేసింది. దేవదానం రెండు ఇళ్లలోనూ ఒకే మాదిరి పొయ్యి కట్టాడు. మిషను ఆస్పత్రిలో లూదియా పొయ్యిలకు కూడా గొట్టాలు పెట్టించారు, ఆస్పత్రి నడిపే దొరసానిని ఒప్పించడానికి లూదియాకు ఆరు నెలలు పట్టింది. ఆమె కళ్లు పూర్తిగా బాగుపడలేదు. నీళ్లు కారడం మాత్రం తగ్గింది.

ట్రాలీ మిల్లులో మళ్లీ వడ్లు మోసే పనిలో పడింది. 1960లో లక్ష్మీనారాయణ గారు దేవదానాన్ని పిలిపించి, ఈసారి రెండువేల సంవత్సరం ఎట్లుంటుందో కట్టాలన్నాడు. దేవదానం ఆ ఏడు వీలుకాదన్నాడు. చాగలమర్రిలో పదకొండు ఇళ్లకు మాటిచ్చి ఉన్నాడు. లక్ష్మీనారాయణ గారు ఆశ్చర్యపోయి, "నువ్వు కాదనడం ఇదే మొదులప్పా," అన్నాడు. తర్వాత నవ్వి, "మా ఇంట్లో గూడా కడతావా ఒకటి?" అని అడిగి, మెట్టు దగ్గరున్న ఆయన్ని లోపలికొచ్చి కూర్చుని ఎంత సామాను కావాలో చెప్పమన్నాడు.

అప్పటికి జనం ముందుకాలం బండిని మర్చిపోతున్నారు. చందమామ సొట్ట కథ మాత్రం నబీ రసూల్ చెప్తూనే ఉండేవాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా దేవదానాన్ని ఇప్పుడందరూ పొయ్యి దేవదానం అంటున్నారు. ఆ పేరు ఆయనకు నచ్చిందో లేదో ఎవరికీ చెప్పలేదు. చాగలమర్రి బస్సు పైన రేకు గొట్టాలు కట్టించి, కిందికి దిగి, లూదియా పక్కన కూర్చున్నాడు.